మధ్యాహ్నానికి ఒక గది

కుర్రవాళ్ళకు హోటల్ గదితో పని రాత్రిపూటే. పొద్దున్నే స్నానం కానిచ్చి తాళం వేసుకుని బయటపడ్డారంటే, ఊరంతా తిరిగి ఏ పదకొండింటికో వచ్చి మంచం మీద పడతారు. గది ఊరికి ఆ చివర ఉన్నా, కిటికీ తీస్తే పక్కింటి గోడ కనిపించినా వాళ్ళకు పట్టింపు లేదు. మా వయసు వచ్చాక లెక్క మారుతుంది. హోటల్ మంచిదో కాదో మాకు తేలేది మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు. భోజనం అయింది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. వేసుకోవాల్సిన మాత్ర గదిలో ఉండిపోయింది. రెప్పలు వాలిపోతున్నాయి. ఆ వేళకు గది చేరుకోగలమా? చేరుకోగలిగితే ఆ హోటల్ మంచిచోట ఉన్నట్టు. లేకపోతే దానికి ఎన్ని నక్షత్రాలున్నా మాకు అందనట్టే.

అరవై ఐదు దాటాక ఒక్కో రోజు రెండు రోజులవుతుంది. నాలుగున్నరకే మెలకువ వచ్చేస్తుంది కాబట్టి మొదటిది తెల్లవారకముందే మొదలై భోజనంతో ముగుస్తుంది. గంటో గంటన్నరో నడుం వాల్చి లేచి, ముఖం కడుక్కుని కాఫీ తాగాక రెండోది మొదలవుతుంది. నడుం వాల్చడానికి చోటు లేకపోతే ఆ రెండోది ఇక లేనట్టే. సాయంత్రం నాలుగింటికల్లా మనిషి డీలా పడతాడు, పక్కనున్నవాళ్ళ మీద విసుక్కుంటాడు, క్యూలో నిలబడి కొనుక్కున్న టికెట్టుతో కచేరీకి వెళ్ళి వర్ణం అయ్యేలోపే గురక అందుకుంటాడు. ఇంట్లో ఈ సంగతి బయటపడదు, మంచం పక్క గదిలోనే ఉంటుంది గనక. పరాయి ఊళ్ళో ఆ మంచం ఎంత దూరాన ఉందో దాన్నిబట్టే మిగతా ప్రయాణమంతా నడుస్తుంది.

ఈ లెక్కలన్నీ నాకు బాగా వంటబట్టింది మద్రాసులో. 1996లోనే చెన్నై అని పేరు మార్చారు గానీ మా తరం నోటికి ఇంకా మద్రాసే వస్తుంది. డిసెంబరు వచ్చిందంటే నాకూ మా ఆవిడకూ మనసు అటు లాగుతుంది. 1927లో అక్కడ కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు దాంతోపాటు ఒక సంగీత సదస్సు కూడా పెట్టారు. అందులోంచి పుట్టిందే 1928 నాటి మ్యూజిక్ అకాడమీ. డిసెంబరు సగం నుంచి జనవరి ఒకటో తారీఖు దాకా అక్కడ పొద్దున సోదాహరణ ప్రసంగాలు, మధ్యాహ్నం కుర్ర విద్వాంసులు, సాయంత్రం పెద్దవాళ్ళు. ఊళ్ళో మిగతా సభలన్నీ కూడా అప్పుడే కచేరీలు పెట్టుకుంటాయి. వేదిక మీద పాటలో సగానికి పైగా తెలుగు, కింద వినేవాళ్ళలో సగానికి పైగా తమిళులు. మధ్యలో మాలాంటి బెజవాడ, రాజమండ్రి, విశాఖ జనం అర్థం తెలిసినందుకు కాస్త ఠీవిగా తలలాడిస్తూ కూర్చుంటాం. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1941లో, బాలమురళిగారు 1978లో, నేదునూరివారు 1991లో సంగీత కళానిధులయిన చోటు కదా, ఆ మాత్రం ఠీవి తప్పులేదు.

హాల్లో ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే తలలన్నీ తెల్లగా ఉంటాయి. ఈ జనమంతా మధ్యాహ్నం ఏమైపోతారో గమనిస్తే ఊరి సంగతి సగం తెలిసిపోతుంది. చుట్టుపక్కల ఇళ్ళున్నవాళ్ళు ఇంటికెళ్ళి ఒక కునుకు తీసి, సాయంత్రానికి మడత నలగని చీరల్లో, ఇస్త్రీ చొక్కాల్లో వస్తారు. ఇళ్ళు లేనివాళ్ళు కాంటీన్లో భోంచేసి, అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో మెడ వాల్చేసి, తర్వాత ఎవరి కచేరీ అయినా సరే ఏసీ కోసం లోపలికి వెళ్తారు. ఏ రాగం ఎవరు పాడారో కూడా వాళ్ళకు రాత్రికి గుర్తుండదు. నేను మొదటి రకంలో ఉండదలచుకున్నాను. అందుకోసం అవసరమైతే గదికి రోజుకో వెయ్యి ఎక్కువిస్తాను, బఫే వదులుకుంటాను.

బఫే మాట ఎందుకొచ్చిందంటే, గదులు వెతికేది మా అబ్బాయి. హైదరాబాదులో ఆఫీసు పని మధ్య ఫోన్ చేస్తాడు.

“నాన్నా, ఇదే డబ్బుకి ఓఎంఆర్ మీద ఫోర్ స్టార్ వస్తోంది. స్విమ్మింగ్ పూల్ ఉంది, బ్రేక్‌ఫాస్ట్ బఫే ఉంది.”

“నేను ఈత కొట్టి ఎన్నేళ్ళయిందిరా?”

“కొట్టకపోతే మానెయ్యి. పక్కన కూర్చుని పేపర్ చదువుకోవచ్చు కదా.”

వాడి ప్రేమకు వంక పెట్టలేం. కానీ ఓఎంఆర్, అంటే పాత మహాబలిపురం రోడ్డు మీది ఆ హోటల్ నుంచి అకాడమీకి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున బయలుదేరితే రాత్రికే తిరిగి రావడం. ఆ హోటల్లో మెత్తటి పరుపు పగలంతా మాకోసం ఎదురుచూస్తూ ఉంటే, మేము కాంటీన్ కుర్చీలో మెడ నొప్పి తెచ్చుకుంటూ ఉంటాం. పోనీ ఎగ్మోరా? స్టేషను చుట్టూ లాడ్జిలకు కొదవలేదు, ధరలూ తక్కువే. మ్యూజియం, కన్నెమరా లైబ్రరీ చూడాలని వచ్చినవాళ్ళకు అంతకంటే అనువైన చోటు లేదు. పాట కోసం వచ్చినవాళ్ళకు మాత్రం రోజూ అన్నాసాలై దాటాలి, అది సాయంత్రంపూట అంత తేలిగ్గా దాటనివ్వదు.

అకాడమీ టి.టి.కె. రోడ్డులో ఉంది, రాధాకృష్ణన్ సాలై కలిసే కూడలికి దగ్గర్లో. అదే రోడ్డున దక్షిణంగా పోతే ఆళ్వార్‌పేటలో నారద గాన సభ. ఆగ్నేయంగా మైలాపూరు, కపాలీశ్వరుడి గుడి, మాడవీధులు, ఫైన్ ఆర్ట్స్ క్లబ్బు. కృష్ణ గాన సభ మాత్రం పడమట టి.నగర్లో. ఈ కాస్త పటం మనసులో ఉంటే చాలు, రాయపేట, ఆళ్వార్‌పేట, మైలాపూరు మధ్య ఎక్కడ దిగినా ఏ సభకైనా మధ్యాహ్నం వెళ్ళి రావచ్చు. వాటిలోనూ నా ఓటు మైలాపూరుకే. దానికి కారణం పొద్దున నాలుగున్నర. పెద్ద హోటళ్ళలో వంటగది ఏడింటికి గానీ మేలుకోదు. అప్పటిదాకా పొడి పాలు, కెటిల్ నీళ్ళు కలుపుకుని తాగి దాన్నే కాఫీ అనుకోవాలి. మాడవీధుల పక్కన ఉంటే చీకటితోనే డికాక్షన్ వాసన వస్తుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి చుట్టూ భజన గోష్ఠి తిరుగుతుంది; ఒకప్పుడు పాపనాశం శివన్‌గారు ముందు నడిచి పాడిన వీధులు అవి. నిద్రపట్టని మా వయసుకు ఆ వేళ అక్కడ నిలబడి వినడానికి టికెట్టు అక్కర్లేదు, కుర్చీ కూడా అక్కర్లేదు. ఇంటి అరుగు దొరికితే చాలు.

పటంలో దగ్గరగా కనిపించేవన్నీ దగ్గర కావు. “ఎదురుగానే సార్” అని హోటలువాళ్ళు చెప్పే మాట నేను అసలు నమ్మను. ఒక ఏడు రాధాకృష్ణన్ సాలై మీద ఒక హోటల్లో దిగాం. కిటికీలోంచి చూస్తే అకాడమీ దగ్గరి ఫ్లైఓవర్ కనబడుతుంది. రోడ్డు దాటితే చేరిపోయినట్టే. అయితే దాటడం ఎలా? మధ్యలో డివైడరు, రెండువైపులా ఆగని బళ్ళు. అటునుంచి ఒకావిడ కూరగాయల సంచీ పట్టుకుని చెయ్యెత్తి బళ్ళను ఆపుకుంటూ నడిచేసింది. ఆ ధైర్యం ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకే ఉంటుంది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని అడుగు ముందుకు వేయడం, వెనక్కి తీయడం, ఇలా పది నిమిషాలు గడిచాక ఆటో పిలిచాం. అతను ఎక్కడో దూరాన యూటర్న్ తీసుకుని, అంత చిన్న బేరానికి వచ్చినందుకు సణుగుతూ దింపాడు.

అప్పటినుంచి హోటల్ ఏ రోడ్డులో ఉందన్నదానికంటే రోడ్డుకు ఏ పక్కన ఉందన్నది చూస్తాను. మన దేశంలో బళ్ళు ఎడమవైపు నడుస్తాయి. సభ నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆటో సరాసరి హోటల్ గేటు ముందే ఆగాలి. వెళ్ళేటప్పుడు చుట్టు తిరిగి వెళ్ళాల్సి వచ్చినా నాకు అభ్యంతరం లేదు. పొద్దున ఒంట్లో సత్తువ ఉంటుంది, చుట్టూ చూడ్డానికి సరదాగానూ ఉంటుంది. ఎండలో, నిండు కడుపుతో వచ్చేటప్పుడు మాత్రం ఒక్క యూటర్న్ కూడా భరించలేను. దీనికి తోడు కొన్నేళ్ళుగా మెట్రో రెండో దశ పనులు మైలాపూరు కిందుగా సాగుతున్నాయి. లజ్ దగ్గర, కచేరీ రోడ్డు దగ్గర రేకులు కట్టి దారులు మళ్ళించారు. నిరుడు రెండు నిమిషాల దూరం ఈ ఏడు ఎంతో పటం చెప్పదు, ఆటోవాడు చెబుతాడు. అందుకే గది ఖాయం చేసుకునేముందు ఆ ఊళ్ళో ఉన్న ఎవరో ఒకరికి ఫోన్ కొట్టి దారి సంగతి కనుక్కుంటాను. వాన సంగతి కూడా. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరులోనూ వదలవు. 2015లో వరద, 2023లో మిచాంగ్ తుఫాను నెల మొదట్లోనే ఊరిని ముంచాయి. మిచాంగ్ అక్కడినుంచి వచ్చి మన బాపట్ల దగ్గర తీరం దాటింది. గుమ్మం ముందు నీళ్ళు నిలిచే వీధిలో ఎంత మంచి హోటలైనా నాకొద్దు.

తర్వాత నేనే హోటలుకు ఫోన్ చేస్తాను. కంప్యూటర్లో ఫొటోలు ఎంత బాగున్నా ఈ పని మానను. ఫొటో తీసేవాడు మెట్లు కనబడకుండా తీస్తాడు.

“లిఫ్టు ఉందా అండీ?”

“ఉంది సార్.”

“రోడ్డు మీద నుంచి లిఫ్టు దాకా మెట్లేమైనా ఉన్నాయా?”

కాసేపు నిశ్శబ్దం. “మెట్లు లేవు సార్.” మళ్ళీ నిశ్శబ్దం. “మూడే.”

ఆ కుర్రాడి తప్పేం లేదు. రోజూ ఇరవైసార్లు ఎక్కి దిగే కాళ్ళకు మూడు మెట్లు మెట్లలాగే కనబడవు. పాత భవనాలకు తర్వాతెప్పుడో లిఫ్టు అతికించిన చోట ఇంకో తమాషా ఉంటుంది. లిఫ్టు అంతస్తుకు అంతస్తుకు మధ్య మలుపులో ఆగుతుంది, అక్కడినుంచి పైకో కిందికో అరడజను మెట్లు. అందుకని “లిఫ్టు దిగాక గదిదాకా?” అని కూడా అడగాలి. “రాంపు ఉంది సార్” అంటే సంతోషించి ఊరుకోకూడదు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలని రాంపుకు కొలత. హోటళ్ళ ముందు నున్నటి గ్రానైటు పరిచి కట్టేవి చాలావరకు చక్రాల పెట్టెలకోసం కట్టినవి. వానకు తడిస్తే వాటిమీద నడవడం కంటే మూడు మెట్లే నయం.

గది మరీ పైన ఉండటం మా ఆవిడకు ఇష్టం, గాలీ వెలుతురూ వస్తాయని. నాకు రెండో అంతస్తు దాటితే నిద్రపట్టదు. కరెంటు పోయినప్పుడు జనరేటరు మీద లైట్లన్నీ వెలుగుతాయి, లిఫ్టు నడుస్తుందో లేదో అడిగితేగానీ చెప్పరు. ఈ విషయంలో మా ఇద్దరి మధ్య రాజీ ఇంకా కుదరలేదు. ఇల్లు కట్టుకున్నప్పటి గొడవే ఇక్కడా సాగుతోంది.

ఇక బాత్రూము. హోటలువాళ్ళు తక్కువ ఆలోచించేది, మేము ఎక్కువ భయపడేది ఇదే. మంచం దగ్గరనుంచి చెప్పుకొస్తాను. రాత్రి రెండింటికి లేస్తాం, లేవక తప్పదు. మంచం ఎత్తుగా ఉంటే కాళ్ళు నేలకు ఆనవు. పక్కన స్విచ్ ఎక్కడుందో తడుముకోవాలి. తలుపు దగ్గర గోడలో కార్డు గుచ్చితేనే కరెంటు వచ్చే గదుల్లో, పొదుపు చేద్దామని పడుకునేముందు మా ఆవిడ ఆ కార్డు తీసేస్తే, ఫోన్ ఛార్జరుతో సహా సమస్తం ఆరిపోతుంది. సరే, లైటు దొరికింది. బాత్రూము గుమ్మంలో నాలుగంగుళాల గడప ఉంటుంది, లోపల నేల ఇంకో రెండంగుళాలు దిగువ. నీళ్ళు గదిలోకి రాకుండా అలా కడతారు. పగలు చూసి గుర్తుపెట్టుకున్నా, నిద్రకళ్ళకు అది గుర్తుండదు. లోపల తెల్లటి, నున్నటి టైల్స్. స్నానానికి వేరే చోటు లేకపోతే ఎవరు ముందు స్నానం చేసినా రాత్రిదాకా ఆ నేల ఆరదు. కాలు తడబడితే చెయ్యి సహజంగా పోయేది తువ్వాలు వేసుకునే కడ్డీ మీదికి. దాన్ని రెండు చిన్న స్క్రూలతో బిగిస్తారు, తువ్వాలు బరువుకు సరిపోయేంత. మనిషి బరువు పడితే కడ్డీతోపాటు గోడ పెచ్చు కూడా చేతిలోకి వస్తుంది. గోడలోకి దిగ్గొట్టిన స్టీలు పట్టుకమ్మి వేరు. కమోడ్ పక్కన అది ఒక్కటి ఉన్న గదిని చూస్తే, ఆ హోటలు యజమాని ఇంట్లో పెద్దవాళ్ళున్నారని వెంటనే అనిపిస్తుంది.

కొళాయి సంగతి సరే. వేణ్ణీళ్ళు ఎటు తిప్పితే వస్తాయో తెలిపే ఎర్రచుక్క అరిగిపోయి ఉంటుంది. షాంపూ ఏదో, ఒంటికి రాసుకునేది ఏదో చెప్పే అక్షరాలు చీమ తలకాయలంత ఉంటాయి, స్నానాల గదిలోకి కళ్ళజోడు పెట్టుకుని ఎవరు వెళ్తారు? వీటన్నిటికీ నేను కనిపెట్టిన మందు రెండు వస్తువులు: ఒక బకెట్టూ మగ్గూ, ఒక ప్లాస్టిక్ స్టూలు. స్టూలు మీద కూర్చుని మగ్గుతో పోసుకుంటే జారిపడే భయం సగానికి సగం తగ్గుతుంది. చిన్న లాడ్జిల్లో బకెట్టు గదిలోనే ఉంటుంది. పెద్ద హోటళ్ళలో అది నామోషీ, షవర్ తప్ప ఇంకేమీ ఉంచరు. అడిగితే మాత్రం తెస్తారు. ఒకచోట రూంబాయ్‌ని “బాబూ, స్నానానికి ఒక స్టూలు కావాలి” అన్నాను. అతను ఎందుకని అడగలేదు, నన్నొకసారి చూశాడు, అంతే. అయిదు నిమిషాల్లో నీలం రంగు స్టూలు తెచ్చాడు. ఒక కాలు మీద ఆయిల్ పెయింట్‌తో తమిళంలో ఏదో రాసి ఉంది, సెక్యూరిటీ అతను గేటు దగ్గర కూర్చునేది అయ్యుంటుంది. కడిగి, తుడిచి, నాలుగు కాళ్ళూ సమంగా ఆనుతున్నాయో లేదో తానే ఒకసారి కూర్చుని చూసి మరీ వెళ్ళాడు. నక్షత్రాలు ఇచ్చేవాళ్ళు ఇలాంటివి కూడా లెక్కలోకి తీసుకుంటే బాగుండును. తర్వాతి ఏడు మళ్ళీ అక్కడికే వెళ్ళాం.

బస గురించి ఇంతగా పట్టించుకోవడం మా తరం చాదస్తమని మా అబ్బాయి నవ్వుతాడు. నేను వాడికి ఏనుగుల వీరాస్వామయ్యగారి పేరు చెబుతాను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన పెద్దమనిషి. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు, ఆ కాలానికి అది పెద్ద వయసే. పల్లకీ, బోయీలు, వెంట పెద్ద పరివారం. అయినా ‘కాశీయాత్ర చరిత్ర’లో దారిపొడుగునా ఆయన రాసిందేమిటి? ఈ ఊళ్ళో బాటసారులు దిగడానికి వసతి ఉంది, ఇక్కడ అంగళ్ళున్నాయి, ఇక్కడ నీళ్ళు బాగున్నాయి, ఇక్కడ సామాను దొరకదు. కాశీ చేరుకోవాలన్న తపన ఉన్నవాడే ఈ పూట తలదాచుకునే చోటు గురించి అంత శ్రద్ధగా రాశాడు. దారిలో ఒళ్ళు హూనం చేసుకున్నవాడు కాశీ దాకా వెళ్ళినా అక్కడ చూసేదేమీ ఉండదని ఆయనకు తెలుసు.

కాశీ అంటే గుర్తొచ్చింది. నా మధ్యాహ్నం లెక్క ఆ ఊళ్ళో తలకిందులవుతుంది. గంగ కనిపించే గది కావాలని ఎవరికుండదు? ఘాట్ల పైన ఎన్నో హోటళ్ళు, మేడమీద నిలబడితే ఎదురుగా నది. కానీ ఆ గల్లీల్లోకి ఆటో రాదు. పెద్దరోడ్డు మీద దింపేస్తే అక్కడినుంచి ఆవుల్ని, మోటారు సైకిళ్ళను తప్పించుకుంటూ, రాళ్ళు పరిచిన సందుల్లో నడవాలి. లేదా పడవలో వచ్చి ఘాటు మెట్లన్నీ ఎక్కాలి. మానససరోవర్ ఘాటు దగ్గరి ఆంధ్రాశ్రమం మన వాళ్ళకు తరతరాలుగా ఆసరా. తెలుగు మాట, మన భోజనం, కర్మకాండకు పురోహితుడు, అన్నీ చేతికందుతాయి. అక్కడ దిగినవాళ్ళకు గంగ దగ్గర, విశ్వనాథుడూ నడక దూరమే, ఊరు మాత్రం దూరం. కాళ్ళు బాగున్నప్పుడు నది పక్కన ఉండటం, బాగాలేనప్పుడు గొధౌలియా వైపు రోడ్డు మీద ఉండి రిక్షాలో ఘాటు దాకా వెళ్ళడం, ఇదే నేను ఎవరడిగినా చెప్పేది. మా వియ్యంకుడుగారు మాత్రం ఒప్పుకోరు. “కాశీ వెళ్ళి గంగ కనపడని గదిలో ఉండేదేమిటి బావగారూ” అంటారు. ఆయనకింకా మోకాళ్ళు బాగున్నాయి.

డబ్బు సంగతి రెండు ముక్కల్లో. రైల్లో పెద్దవాళ్ళకు ఇచ్చే రాయితీ, మగవాళ్ళకు 40 శాతం, ఆడవాళ్ళకు 50 శాతం ఉండేది, 2020 మార్చిలో పోయింది. మిగిలింది కింది బెర్తు కోటా ఒక్కటే. దానికి బదులా అన్నట్టు, రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం ఉన్నది 5 అయింది. ఆ మిగిలిన ఏడు శాతం నేను సభకు దగ్గరగా ఉండే గదిమీద పెడతాను. దూరపు గదిలో అద్దె తగ్గినట్టు కనబడుతుంది గానీ, అక్కడినుంచి రానూపోనూ క్యాబులకు ఇచ్చేది కలుపుకుని చూడండి. దగ్గరున్నవాడు రోజుకు నాలుగుసార్లు ఆటో ఎక్కినా అంత కాదు.

ఇంత జాగ్రత్తపడ్డా, చివరి రోజు ఒకటి ఉంటుంది. హోటళ్ళ లెక్క ప్రకారం గది ఖాళీ చెయ్యాల్సింది మధ్యాహ్నం పన్నెండింటికి. ఏ వేళకు మాకు గది కావాలో సరిగ్గా ఆ వేళకే బయటికి పంపిస్తారు. రాత్రి బండికి టికెట్టు తీసుకున్నామంటే ఇక చెప్పక్కర్లేదు. పెట్టెలు రిసెప్షన్ దగ్గర పెట్టి, లాబీ సోఫాలో వచ్చేపోయేవాళ్ళను చూస్తూ సాయంత్రం దాకా గడపాలి. ఆ సోఫాలు కూడా ఎంత లోతుగా ఉంటాయంటే, కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యి ఇచ్చి లేపాలి.

దీనికి నాలుగు దారులున్నాయి. మొదటిది, 24 గంటల చెకౌట్ ఉన్న లాడ్జి చూసుకోవడం. దక్షిణాదిన ఆ పద్ధతి ఇంకా చాలాచోట్ల ఉంది. ఏ వేళకు దిగితే మర్నాడు ఆ వేళ దాకా గది మనదే. తెల్లవారి బండిలో వచ్చేవాళ్ళకు దీనివల్ల పనికిమాలిన అద్దె తప్పుతుంది గానీ, తెల్లవారే ఖాళీ చెయ్యాల్సి వస్తుంది. అందుకే మేము విజయవాడలో పొద్దున పినాకిని ఎక్కి భోజనాల వేళకు సెంట్రల్లో దిగుతాం. 24 గంటల లాడ్జి అయితే చివరి రోజు కూడా ఇంచుమించు ఆ వేళ దాకా ఉండొచ్చు. రెండోది, రైల్వేవాళ్ళ రిటైరింగ్ రూము. పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో తీసుకోవచ్చు, కొన్ని స్టేషన్లలో కొద్ది గంటలకు కూడా ఇస్తారు, ఖాళీ ఉండటమే కష్టం. మూడోది, బంధువుల ఇల్లు. దాని గురించి రాస్తే బంధువులు చదువుతారు.

నాలుగోది బేరం. దిగిన రోజునే, పెట్టెలు పైకి వెళ్ళకముందే, మేనేజరు ఉత్సాహంగా ఉన్నప్పుడు, “చివరి రోజు సాయంత్రం ఆరు దాకా ఉంటాం, సగం అద్దె తీసుకోండి” అని అడిగేస్తాను. ఆఖరి రోజు అడిగితే “గది వేరేవాళ్ళకు ఇచ్చేశాం సార్” అంటారు. మొదటి రోజు అడిగితే రిజిస్టరులో రాసుకుంటారు. నా ఎదుటే రాయమంటాను. రెండు గంటల నిద్ర కోసం సగం రోజు అద్దె కడుతున్నారా అని మా కోడలు ఆశ్చర్యపోతుంది. కడుతున్నాను. రెండు గంటల కునుకు, వేణ్ణీళ్ళ స్నానం, ఉతికిన చొక్కా, ఆపైన నారద గాన సభలో ఎవరిదో నాలుగింటి కచేరీలో ఒక గంట వినేసి, సెంట్రల్‌కు ఆటో.